బిళ్లలిచ్చే చేతికి పరీక్ష

మందుల షాపు గోడకి దేవుడి పటం పక్కన అద్దాల చట్రాల్లో రెండు మూడు కాగితాలు వేలాడుతుంటాయి. షాపు లైసెన్సు, దాని పక్కనే ఫార్మసిస్టు రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్. జ్వరంతోనో నొప్పితోనో వచ్చినవాళ్లకి వాటివంక చూసే తీరిక ఉండదు. చూస్తే మాత్రం ఒక్కోచోట ఆశ్చర్యపోవాల్సి వస్తుంది. సర్టిఫికెట్ మీదున్న మనిషి వేరు, కౌంటర్లో బిళ్లలు కత్తిరించి ఇస్తున్న మనిషి వేరు! నెలకింతని మాట్లాడుకుని సర్టిఫికెట్‌ను అద్దెకిచ్చే పద్ధతి అందరికీ తెలిసిన రహస్యమే. 1948 నాటి ఫార్మసీ చట్టంలోని 42వ సెక్షన్ ప్రకారం డాక్టరు రాసిన చీటీకి మందు ఇవ్వాల్సింది రిజిస్టర్డ్ ఫార్మసిస్టే. ఫార్మసిస్టు లేకుండా, నకిలీ ఫార్మసిస్టుతో మందులిప్పించడమంటే జనం ఆరోగ్యంతో ఆడుకోవడమేనని 2022 నవంబరులో బిహార్ కేసు ఒకదానిలో సుప్రీంకోర్టు గట్టిగానే అంది.

సరిగ్గా అదే ఏడాది ఫిబ్రవరిలో ఫార్మసీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా మరో పని చేసింది. డీఫార్మసీ పాసైనంత మాత్రాన సరిపోదు, రాష్ట్ర కౌన్సిల్లో పేరు నమోదు చేయించుకోవాలంటే 'ఎగ్జిట్' పరీక్ష గట్టెక్కాలంటూ నిబంధనలు తెచ్చింది. వైద్య విద్యలో పీజీ పరీక్షలు పెట్టే నేషనల్ బోర్డ్ ఆఫ్ ఎగ్జామినేషన్స్ 2024 అక్టోబరులో ఈ పరీక్షను నిర్వహించింది. మూడు పేపర్లు. అన్నీ నాలుగు జవాబుల్లోంచి ఒకటి ఎంచుకునే ప్రశ్నలే. ఒక్కో పేపర్లో కనీసం 50 శాతం రావాలి. అదీ మూడింట్లోనూ ఒకే దఫాలో. ఒకటి పోయినా మళ్లీ మూడూ రాయాల్సిందే. ఎన్నిసార్లు రాసినా అడ్డులేదు, అదొక్కటే ఊరట.

పరీక్ష ఇంగ్లిషులో.

కనిగిరి పక్కన మెట్ట మండలం హనుమంతునిపాడు. అలాంటిచోట పదోతరగతిదాకా తెలుగు మీడియంలో చదివి, ఇంటర్ బైపీసీ గట్టెక్కి, మెడిసిన్ అందక, నర్సింగ్ వద్దనుకుని డీఫార్మసీలో చేరే పిల్లలకు అసలు గండం సబ్జెక్టు కాదు, ప్రశ్న అర్థం కావడమే. 'కిందివాటిలో ఏది కాదు' అని అడిగితే 'ఏది' అని చదివి ఔననే జవాబు పెట్టేస్తారు. ఈ పొరపాటు గైడు బట్టీపడితే పోదు. పాత ప్రశ్నల్ని గడియారం దగ్గర పెట్టుకుని రోజూ కొన్ని చేస్తూపోతేనే పోతుంది.

మొదటి పేపర్లో ఫార్మాస్యూటిక్స్, ఫార్మకాలజీ, ఫార్మకాగ్నసీ ఉంటాయి. రెండోదాన్లో కెమిస్ట్రీ, బయోకెమిస్ట్రీ వగైరా. పిల్లలు రాత్రింబవళ్లు కూచునేది ఈ రెండింటికే. మూడోది... షాపు నిర్వహణ, మందుల చట్టాలు. 'అదేముందిలే, ఆఖరి వారంలో చూసుకుందాం' అని పక్కనపెట్టేది దీన్నే. తీరా చూస్తే కౌంటర్ వెనక నిలబడ్డ రోజు నుంచీ రిటైరయ్యేదాకా అక్కరకొచ్చే పేపరు ఇదే!

పుస్తకాన్ని ఊరితో కలిపి చదివితే ఎంత తేడా వస్తుందో చూడండి. కనిగిరి చుట్టుపక్కల పల్లెల్లో బోరునీళ్లలో ఫ్లోరైడ్ బాధ ఈనాటిది కాదు. తాగేనీళ్లలో లీటరుకి ఒక మిల్లీగ్రాము దాటకూడదని, వేరే దిక్కు లేనప్పుడు ఒకటిన్నర వరకు సర్దుకోవచ్చని భారతీయ ప్రమాణాలు చెబుతున్నాయి. అంతకు మించిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే పళ్లు గారపడతాయి, మోకాళ్లూ నడుమూ బిగుసుకుపోతాయి. అలాంటి పెద్దాయన షాపుకొస్తాడు. "అబ్బయా, పోయినసారి ఇచ్చిన నొప్పి బిళ్లలే ఓ పది ఇయ్యి" అంటాడు. చీటీ ఉండదు. ఆయన అడిగేది డైక్లోఫెనాక్ లాంటిది. అది పొట్టలో పుండు చేయగలదు, రోజుల తరబడి వాడితే కిడ్నీల్ని దెబ్బతీయగలదు, కొన్ని బీపీ మందులతో కలిస్తే ఆ ముప్పు ఇంకా పెరుగుతుంది. ఫార్మకాలజీ పుస్తకంలో ఈ మందు దుష్ఫలితాలంటూ కనపడే నాలుగు లైన్లు ఆ పెద్దాయన ఒంటికి సంబంధించినవే. అలా చదివిన పిల్లవాడు పరీక్షలో ఆ ప్రశ్నను మర్చిపోడు. షాపులో "పెద్దాయనా, బీపీ బిళ్లలు కూడా వేసుకుంటున్నావా? ఓసారి డాక్టరుకి చూపించుకో" అనకుండా ఊరుకోడు. ఆ ఒక్కమాటకి పది బిళ్లల బేరం పోతుంది, నిజమే. అద్దె సర్టిఫికెట్ కింద కూచున్నవాడికి ఆ మాట అనాలని తెలియదు, తెలిసినా అనడు.

లెక్కలూ అంతే. పది కిలోల బిడ్డకి పారాసిటమాల్ ఒక మోతాదు మామూలుగా 100 నుంచి 150 మిల్లీగ్రాములు. సిరప్‌లో 5 మిల్లీలీటర్లకు 125 ఉండేది ఒకటి, 250 ఉండేది ఒకటి. చుక్కల మందులో అయితే ఒక్క మిల్లీలీటరులోనే 100! సిరప్ పోసే అలవాటున్న తల్లి చుక్కల సీసాలోంచి 5 మిల్లీలీటర్లు తాగించిందంటే బిడ్డ ఒంట్లోకి వెళ్లేది 500. ఈ లెక్క పరీక్ష హాల్లో తప్పితే పోయేది ఒక్క మార్కు.

ఇంతకీ ఈ పరీక్షతో సర్టిఫికెట్ల అద్దె ఆగుతుందా? పరీక్ష పాసైనవాడు తన సర్టిఫికెట్ అద్దెకివ్వడని హామీ ఏమీ లేదు. దానికి తనిఖీలు కావాలి, ఫార్మసిస్టుకి గౌరవంగా బతికేంత జీతమూ కావాలి. క్లాసుకి వెళ్లకుండానే కోర్సు పూర్తయిందనిపించుకునేవాళ్లకు మాత్రం ఇది కొరకరాని కొయ్యే. ఇంకో పేచీ కూడా ఉంది. 2022 నిబంధనలు ఈ భారాన్ని డిప్లొమావాళ్ల మీదే పెట్టాయి. బీఫార్మసీ చదివినవాళ్లు ఈ పరీక్ష లేకుండానే అదే రిజిస్టర్లోకి ఎక్కొచ్చు. 'ఒకే కౌంటర్లో నిలబడేవాళ్లకి రెండు న్యాయాలా?' అని పిల్లలడిగితే తప్పుపట్టలేం. అమెరికాలో ఏ ఫార్మసిస్టూ లైసెన్సు పరీక్ష తప్పించుకోలేడు. 2003 తర్వాత పట్టా పుచ్చుకున్న మన నాలుగేళ్ల బీఫార్మసీ వాళ్లనైతే, విదేశీ పట్టభద్రులకు పెట్టే పరీక్షకి కూడా రానివ్వరు. ఐదేళ్ల కోర్సు ఉండాలంటారు.

మళ్లీ మూడో పేపరు దగ్గరికే వద్దాం. దాన్ని చదవడానికి మంచి చోటు షాపే. డీఫార్మసీలో రెండేళ్ల చదువయ్యాక 500 గంటల ప్రాక్టికల్ ట్రైనింగ్ తప్పనిసరి. దాన్ని సంతకాలతో సరిపెట్టుకుంటే నష్టం పిల్లలకే. రోజూ చేతిలోకొచ్చే ప్రతి స్ట్రిప్పూ ఒక ప్రశ్నే. ఇది షెడ్యూల్ హెచ్ మందా, హెచ్1 మందా? హెచ్1 అయితే ఆర్ఎక్స్ గుర్తు ఎర్రగా ఉంటుంది. కొన్ని యాంటీబయాటిక్స్, క్షయ మందులు, అల్ప్రజోలం లాంటి నిద్రమాత్రలు 2014 మార్చి నుంచి ఈ జాబితాలోకొచ్చాయి. వాటిని అమ్మినప్పుడల్లా డాక్టరు పేరు, చిరునామా, రోగి పేరు, మందు, ఎన్ని ఇచ్చిందీ వేరే రిజిస్టర్లో రాయాలి. మూడేళ్లు దాచాలి. ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలని పుస్తకంలో చదివినవాడు, మే నెల మధ్యాహ్నం కరెంటు పోయినప్పుడు ఫ్రిజ్ తలుపు ఎవరినీ తీయనివ్వడు.