తాడు కట్టే ముందు ఒక్క మాట

హాస్టల్ గేటు దగ్గరికి చేరిన రెండు నెలల కుక్కపిల్లను మనమంతా ముద్దు చేస్తాం, మెస్‌లో మిగిలిన అన్నం పెడతాం. బాగానే ఉంది. కానీ మెడకు నైలాన్ తాడు బిగించి గ్రౌండ్ చుట్టూ పరుగెత్తించడం శిక్షణ కాదు, శిక్ష.

ఈ తప్పు మేమూ చేశాం. అది కాళ్లు బిగబట్టి కూర్చుంటే మొండితనమనుకుని లాగాం. నిజానికి అది భయం.

ముందు మెత్తటి పట్టీ ఒక్కటే కట్టాలి. రెండు మూడు రోజుల్లో అలవాటయ్యాక తేలికైన తాడు తగిలించి, మన కళ్ల ముందే వరండాలో తిరగనివ్వాలి. తర్వాత తాడు పట్టుకుని పేరుతో పిలవాలి. నాలుగడుగులు వెంట వస్తే ఉడికిన గుడ్డు ముక్క పెట్టాలి. అది లాగితే మనం ఆగిపోవాలి. పూటకు ఐదు నిమిషాలు చాలు. ఎముకలు ముదరని వయసు, ఆటకన్నా నిద్రే ఎక్కువ కావాలి. టీకాలు పూర్తికాకుండా వీధుల్లో తిప్పితే ప్రాణం తీసే పార్వో జబ్బు సోకవచ్చు. మూడు నెలలు నిండగానే పశువైద్యశాలలో రేబిస్ టీకా తప్పక వేయించాలి.

భయంతో పెరిగిన కుక్క రేపు కరిచేది మన చిన్న తరగతుల తమ్ముళ్లనే. హాస్టల్‌కు వచ్చిన మొదటి రాత్రి అమ్మను తలచుకుని ఏడ్చినవాళ్లం మనం. బెదిరిస్తే ఎవరికీ ఏదీ రాదని మనకు వేరే చెప్పాలా?