పన్నెండు ముక్కల గిన్నె

మన నిఘంటువుల్లో ‘తరిమెన’ అని ఒక చక్కని మాట ఉంది. కొయ్యను గిరగిర తిప్పుతూ ఉలి ఆనించి గుండ్రంగా, నునుపుగా దించే సాధనానికి అది పేరు. తరిమెన పట్టిన మంచం కోళ్ళనీ, తరిమెన పట్టిన ఊయల కంబాలనీ వెనకటివారు మురిపెంగా చెప్పుకునేవారు. ఇప్పుడు సంగారెడ్డి నుంచి పటాన్‌చెరు దాకా నేను అడిగిన వారందరూ ‘లేతు మిషన్’ అన్నారే గాని, ఈ మాట విన్నామన్నవారు లేరు. తెలుగు చెప్పుకు బ్రతికేవాణ్ణి గనుక నాకు కొంచెం చివుక్కుమన్నమాట నిజమే. అయినా పేరు పోతే పోయింది, పని మిగిలితే అదే పదివేలు.

మా వైపు లేతులకు కరువు లేదు. 1960లలో రామచంద్రాపురానికి భారత్ హెవీ ఎలక్ట్రికల్స్ వచ్చిన తరువాత, బొంబాయి రోడ్డు పొడుగునా కార్ఖానాలు వెలిశాయి. వాటి నీడన చిన్న చిన్న షెడ్లూ లేచాయి. అయితే వాటిలో తిరిగేది ఇనుము. కొయ్య తిరిగే లేతు కనబడడమే అరుదు. అలాంటిది సంగారెడ్డిలో తలుపులూ కిటికీలూ చేసే ఒక వడ్రంగి మేస్త్రీ దగ్గర చూశాను. తలుపులకు పోగా మిగిలిన టేకు ముక్కలు, ఎక్కడో పాత బీరువా విప్పితే వచ్చిన జిట్రేగి ముక్కలు – పొయ్యిలోకి పోవలసిన వాటితో ఆయన గిన్నెలు చేస్తున్నాడు.

“పెద్ద దుంగ తెచ్చి ఒకేసారి తొలవరాదా?” అని మీరు అడగవచ్చు. నేనూ అడిగాను. అంత దుంగ దొరకాలి, దొరికినా కొనాలి. అదలా ఉంచి, కొయ్యకొక స్వభావం ఉంది. ఆరేకొద్దీ అది పొడుగున దాదాపు తగ్గదు, అడ్డంగా తగ్గుతుంది. అందులోనూ వలయాల వెంబడి తగ్గేది, నడిబొడ్డు నుంచి బెరడు వైపుగా తగ్గే దానికి సుమారు రెండింతలు. అందుకే పచ్చి దుంగలో తొలిచిన గుండ్రటి గిన్నె ఆరిన తరువాత కోడిగుడ్డు వాటానికి తిరుగుతుంది. ఒక్కొక్కప్పుడు పగులుతుంది కూడా. ముక్కలతో కట్టిన గిన్నెలో కొయ్య పోగు అంచు చుట్టూ తిరుగుతుంది గనుక ఆ బెడద తక్కువ.

మన ఊళ్ళకు ఈ యుక్తి కొత్తది కాదు. ఎడ్లబండి చక్రం చూడండి. ఎవరూ దాన్ని ఒక్క చెక్కలో కోయలేదు. నాభిలో ఆకులు దిగ్గొట్టి, వాటి కొసలకు వంపు తిరిగిన పూటీలు తొడిగి, పైన ఎర్రగా కాల్చిన ఇనుప పట్టా వేసి నీళ్ళు పోస్తే, పట్టా ముడుచుకుని అన్నిటినీ బిగించేది. కొండపల్లి బొమ్మలకూ అవయవాలు విడివిడిగా చెక్కి, తరువాత అతుకుతారు.

ఇక లెక్క. వలయానికి 360 డిగ్రీలు. 12 ముక్కలయితే ఒక్కొక్క దానికి 30. అంటే ప్రతి ముక్కా రెండు చివరలా 15 డిగ్రీల వాలుతో కోయాలి. మొత్తం 24 కోతలు. ఒక్కొక్క కోతలో అర డిగ్రీ తప్పిందనుకోండి, కంటికి ఆనదు. కాని అన్నీ కలిసేసరికి 12 డిగ్రీలు! 24 సెంటీమీటర్ల వెడల్పు గిన్నెలో అది రెండున్నర సెంటీమీటర్ల సందు. వేలు దూరిపోతుంది.

“ముక్క చిన్నదే గని సార్, కోణం తప్పితే గిన్నె నోరు కలువది,” అన్నాడు మేస్త్రీ.

మరి మనిషి చేతికి అర డిగ్రీ తప్పకుండా ఉంటుందా? ఉండదని ఆయనకు తెలుసు. అందుకని పన్నెండూ ఒకేసారి అతకడు. ఆరు ముక్కలొక అర్ధచంద్రం, ఆరు ముక్కలొక అర్ధచంద్రం. బంక ఆరిన తరువాత ఆ రెండు అర్ధచంద్రాల కొసలనూ చదునైన పలకకు అంటించిన గరుకు కాగితం మీద రాస్తాడు. అన్ని కోతల తప్పూ ఆ కొసల దగ్గరికే వచ్చి చేరుతుంది, అక్కడ అరిగిపోతుంది. అప్పుడు రెంటినీ కలుపుతాడు. వలయం మీద వలయం, గోడలో ఇటుకల్లాగా అతుకు మీద అతుకు పడకుండా పేరుస్తాడు. టేకు చాయ నడుమ జిట్రేగి నల్లచార వచ్చేది అలాగే.

లేతు మీద మొదటి ఘడియే గండం. మూలలు ఇంకా పోలేదు, బరువు సమంగా లేదు. ఎక్కడైనా బంక పట్టకపోతే ముక్క తూటాలా లేస్తుంది. అందుకని నెమ్మదిగా తిప్పుతాడు, కళ్ళకు అద్దాలు పెట్టుకుంటాడు, ఎదురుగా నన్ను నిలబడనివ్వలేదు. మూలలు పోయి ఉలి మోత మారిన తరువాతనే వేగం పెంచాడు.

కొయ్యను తిప్పే విద్యకు మన తెలుగుదేశంలో పుట్టినిల్లు అనదగ్గది అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డునున్న ఏటికొప్పాక. అక్కడ మెత్తని అంకుడు కర్రను తిప్పుతూ లక్క కడ్డీ ఆనిస్తే, ఆ రాపిడి వేడికే లక్క కరిగి రంగు పడుతుంది. 2017లో ఆ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ప్రకృతి రంగులతో వాటికి మళ్ళీ ఊపిరి పోసిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. ఏటికొప్పాకకు పేరుంది, బేరముంది. మా మేస్త్రీకి రెండూ లేవు.

నేనున్నంతసేపట్లోనే ఒక దంపతులు వచ్చి, గిన్నె చేతిలోకి తీసుకుని అబ్బురపడి, ధర విని, “ఈ డబ్బుకు స్టీలు గిన్నెలు అరడజను వస్తాయి” అని నవ్వి వెళ్ళారు. వాళ్ళు అన్నది అబద్ధం కాదు. కాని ఆ గిన్నె మూడు రోజుల పని. మూడు రోజులు తలుపులు చేస్తే ఆయనకు అంతకంటే ఎక్కువే గిడుతుంది. కొడుకు పటాన్‌చెరులో కంప్యూటరు లేతు మీద షిఫ్టు పని చేస్తున్నాడట. “వానికి కోణం మీటలు నొక్కితే వస్తది సార్. కట్టె ఎటు వంగుతదో మాత్రం వానికి ఎవలు చెప్తరు?” అన్నాడు. చెప్పడానికి ఆయన ఉన్నాడు. వినడానికి పిల్లవాడికి ఆదివారమొక్కటే తీరిక. ఆ ఆదివారాలు నిలవాలంటే గిన్నెలు అమ్ముడుపోవాలి.

ఎప్పుడైనా ఇలాంటి గిన్నె కొంటే నీళ్ళలో నానబెట్టకండి, ఎండలో పెట్టకండి, సాంబారు పోయకండి. పళ్ళు పెట్టుకోండి. బేరమాడే ముందు ఒక్కసారి అతుకులు లెక్కపెట్టండి.