బ్రౌను దొర బంగళా ఎక్కడ?

మా కోసిగిలో రైలెక్కితే ఆదోని, గుంతకల్లు, తాడిపత్రి మీదుగా తిన్నగా కడపలో దిగొచ్చు. చిన్నప్పటి నుంచీ తిరిగిన దారే. అయినా కడపలో ఒక ఇల్లు వెతకాలన్న బుద్ధి పుట్టింది మాత్రం తల నెరిశాకే.

ఆ ఇల్లు సి.పి.బ్రౌన్‌ది. 1820లో కలెక్టరు దగ్గర సహాయకుడిగా కడపకొచ్చినప్పుడు ఆయనకు 22 ఏళ్లు కూడా నిండలేదు. బందరు, రాజమండ్రి తిరిగి 1826లో మళ్లీ వచ్చాక ఇక్కడే ఓ బంగళా, 15 ఎకరాల తోట కొన్నాడు. దొర బంగళా అనగానే మనకు గుర్రాలు, వేటకుక్కలు, విందులు గుర్తొస్తాయి. ఈ బంగళాలో మాత్రం తాటాకుల కట్టలు, వాటి ముందు పండితులు! అయోధ్యాపురం కృష్ణారెడ్డి పెద్ద దిక్కు. ఒకే కావ్యానికి నాలుగు చోట్ల నుంచి ప్రతులు తెప్పించడం, పక్కపక్కన పెట్టి పాఠాలు పోల్చడం, తప్పులు దిద్ది కాగితం మీద శుద్ధప్రతి రాయించడం... రోజూ ఇదే పని. జనం దాన్ని ‘బ్రౌన్ కాలేజీ’ అన్నారంటే అనరూ మరి! జీతాలన్నీ దొర జేబులోంచే. అది చాలక అప్పులు కూడా. (అప్పు చేసి పుస్తకాలు కొనేవాళ్లను ఇంట్లో ఏమంటారో నాకు తెలుసు.)

అలా పోగైన ప్రతుల్ని 1845లో మద్రాసు లిటరరీ సొసైటీకి ఇచ్చేశాడు. అవి తర్వాత అక్కడి ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారానికి చేరాయి. 1852లో నిఘంటువు అచ్చయింది. 1855లో దొర ఇంగ్లండు వెళ్లిపోయాడు. 1884లో లండన్‌లో కన్నుమూశాడు. పుస్తకాలు దక్కాయి గానీ ఇంటిని పట్టించుకున్నవాళ్లు లేరు. కప్పు పోయింది, మొండిగోడలు మిగిలాయి.

ఆ గోడల్ని చూసి ఊరుకోలేకపోయినవారు జానుమద్ది హనుమచ్ఛాస్త్రి. గడపగడపా తిరిగి చందాలు అడిగి, అదే స్థలంలో బ్రౌన్ పేర గ్రంథాలయం కట్టించారు. ఇప్పుడది యోగి వేమన విశ్వవిద్యాలయం కింద భాషా పరిశోధన కేంద్రం. వేమన పద్యాల్ని 1829లో అచ్చువేసిన మనిషి ఇల్లు వేమన పేరున్న చోటికే చేరింది!

స్టేషన్ బయట ఆటో అబ్బాయిని ‘బ్రౌన్ బంగళాకు పోదామా?’ అన్నాను. ‘బంగళా ఏడుంది సార్? లైబ్రరీ ఉంది, ఎర్రముక్కపల్లెలో. ఎక్కండి’ అన్నాడు.