గాజు పలకల మీద మన ఊరి తెలుగు

పాత సినిమా వస్తువులకు ఇప్పుడు గిరాకీ పెరిగింది. పోస్టర్లు, పాటల పుస్తకాలు అయిపోయాయి, ఇక వంతు గాజు స్లైడ్లది. మూతపడిన హాళ్ల సామాను కొనేవాళ్లు ప్రొజెక్టరు ఇనుముతో పాటు స్లైడ్ల డబ్బానూ పట్టుకుపోతున్నారు. హీరో బొమ్మ ఉన్నవి నగరాల్లో సేకరించేవారి చేతికి చేరతాయి. ఒట్టి అక్షరాలున్నవి చెత్తకుప్పకు పోతాయి. సరిహద్దు ఊళ్లలో తెలుగు మాధ్యమంలో పాఠాలు చెప్పే మాకు కావలసినవి ఆ రెండో రకమే.

ఆట మొదలయ్యే ముందు, ఇంటర్వెల్‌లో తెర మీద పడే స్లైడ్లు నలభై దాటినవారికి గుర్తుండే ఉంటాయి. అరచేతిలో పట్టే గాజు పలకలవి. అమెరికాలో మూకీల నాడు రాబోయే బొమ్మల ప్రకటనకు వాడినవి మూడుంబావు అంగుళాల ఎత్తు, నాలుగంగుళాల వెడల్పు ఉండేవి. ఫొటోకు చేత్తో రంగులద్ది, పైన మరో గాజు మూసి, అంచులకు నల్ల కాగితం పట్టీ అంటించేవారు. తేదీ రాసుకోవడానికి హాలువాళ్లకు కాస్త ఖాళీ వదిలేవారు. మన హాళ్లలో ఊళ్లో తయారైనవీ ఉండేవి. గాజుకు నల్లరంగు పూసి, ఆరాక సూదితో గీకితే అక్షరాలు తెర మీద తెల్లగా వెలిగేవి. ‘త్వరలో’, ‘రేపటి నుంచి’, బట్టల కొట్టు ప్రకటన, ఫలానా డాక్టరుగారు వెంటనే బయటికి రావాలన్న కబురు, అన్నీ ఆ సూదిమొన పనే.

బయటి దేశాల్లో వీటి విలువ ముందే గ్రహించారు. అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2013లో వెలువరించిన అధ్యయనం ప్రకారం, అక్కడి పూర్తి నిడివి మూకీల్లో తొలి విడుదల నాటి 35 ఎం.ఎం. రూపంలో మిగిలినవి 14 శాతమే. కొన్ని సినిమాలకు స్లైడు మీది బొమ్మే మిగిలిన ఆనవాలు. మన సంగతి అంతకంటే నయం కాదు. 1932 నాటి తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ నేడు చూడటానికి లేదు. పుణెలో జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ 1964లో మొదలయ్యేనాటికే చాలా ఫిల్ములు నశించాయి.

అయితే మా వాదన సినిమా గురించి కాదు. హోసూరు ప్రాంతాన్నే తీసుకోండి. తమిళనాడులో 2006 నాటి చట్టం ఒకటో తరగతి నుంచి తమిళాన్ని తప్పనిసరి చేసింది. అది తరగతికో ఏడు చొప్పున ఎక్కుతూ 2016లో పదో తరగతి పరీక్షకు చేరింది. తమిళం నేర్వడానికి మాకు అభ్యంతరం లేదు, పిల్లలకు అది అవసరమే. బాధల్లా ‘ఇక్కడ తెలుగు చదివేవాళ్లెవరు?’ అనే మాటతోనే. ఆ మాట బయటివాళ్లే అనరు, మన పిల్లల తండ్రులూ అంటారు. దానికి మేము శాసనాలు చూపిస్తే రాజుల కాలం సంగతని తోసేస్తారు. బట్టల కొట్టు స్లైడును అలా తోసేయలేరు. షావుకారు (భాషాభిమానం వల్ల కాదులెండి) తన డబ్బు పెట్టి తెలుగులో రాయించాడంటే, హాల్లో కూర్చున్నవాళ్లు చదువుతారనే. పక్కన తమిళమో కన్నడమో ఉంటే మరీ మంచిది. ఏ లిపి పైన, ఏది కింద, ఏది పెద్దగా అన్నది చూస్తే ఆనాటి ఊరు తెలుస్తుంది. బరంపురంలో ఒడియా పక్కన, షోలాపూరులో మరాఠీ పక్కన తెలుగు స్లైడు దొరికినా ఇంతే.

బడికిస్తే పగలగొడతారని సేకరించేవారు అంటారు. మా గదుల కప్పులు చూస్తే కాదనలేం. అందుకే స్లైడ్లను బడికి తేవద్దంటున్నాం. ఎవరి ఇంట్లోవి అక్కడే ఉండనిచ్చి, కిటికీ వెలుతురుకు ఎదురుగా పెట్టి ఫోనుతో ఫొటో తీస్తే చాలు. అంచులు మాత్రమే పట్టుకోవాలి. రంగున్న వైపు తడిగుడ్డ తగిలితే అక్షరాలు గుడ్డకే వచ్చేస్తాయి. ఒకదాని మీద ఒకటి పేర్చకుండా, కాగితం కవర్లలో, పుస్తకాల్లా నిలబెట్టమని ఇంటివాళ్లకు చెప్పాలి. డబ్బిచ్చి మాత్రం కొనవద్దు. బడి ఒక ధర పలికితే, మర్నాడు బేరగాడు దానికి రెట్టింపు పలుకుతాడు. స్లైడు మీద అక్షరదోషాలుంటే రిజిస్టరులో దిద్దకుండా ఉన్నదున్నట్టు రాయించాలి. తెలుగు మాస్టర్లకు ఇది కొంచెం కష్టమే!

తనిఖీ రోజు బల్ల మీద పరిచి, మర్నాడు బీరువాలో తాళం వేసే ప్రదర్శనకైతే ఈ శ్రమ అక్కర్లేదు. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు పాత ఆపరేటర్ల దగ్గర కూర్చుని, ఏ స్లైడు ఏ హాల్లో వేశారో, ఎవరు గీకారో అడిగి తెలుగులో రాసుకోవాలి. సినిమా పేరు, హాలు, కొట్టు, లిపులు అన్న గడులు తేలిగ్గానే నిండుతాయి. ‘రాసినవారు’ అన్న గడి దగ్గరే చిక్కు. అక్షరాలు గీకిన పెయింటర్లు సంతకాలు పెట్టలేదు, వాళ్ల పేర్లు ఆపరేటర్లకే తెలుసు. ఆ ఆపరేటర్లలో చాలామందికి ఇప్పుడు డెబ్బై దాటింది.