గింజ విలువ, సీసా వెల: జపాన్ మేలిరకం సాకే చెప్పే పాఠం

బియ్యాన్ని పులియబెట్టి తయారుచేసే సాకే జపాన్ జాతీయ పానీయం. కోజి అనే బూజుతో సాకే తయారుచేసే సంప్రదాయ జ్ఞానాన్ని యునెస్కో 2024 డిసెంబరులో మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. ఈ పానీయం ధరల్లోని అంతరం పరిశీలించదగినది. సాధారణ సాకే సీసా వెయ్యి యెన్ల లోపే దొరుకుతుంది. పేరున్న మేలిరకానికి అయిదారు వేల యెన్లు చెల్లించాలి. కొన్ని సీసాల ధర లక్ష యెన్లు దాటుతుంది. అన్నింటికీ ముడిసరుకు బియ్యమే. మద్యపానపు మంచిచెడ్డలు ఈ వ్యాసానికి విషయం కాదు. ఒకే పంట నుంచి వచ్చిన సరుకుకు ఇన్ని రెట్ల తేడా ఎక్కడ పుడుతోంది, అందులో రైతు చేతికి చేరేదెంత అన్నదే ఇక్కడి ప్రశ్న.

ఈ ప్రశ్నకు ప్రచారంలో ఉన్న సమాధానం ఒకటే: గింజను ఎంత ఎక్కువగా పాలిష్ చేస్తే సాకే అంత మేలైనది, అంత ఖరీదైనది. ఈ సమాధానంలో సగమే నిజం. ఆ సగం నిజాన్ని పూర్తి నిజంగా స్వీకరిస్తే, నాణ్యత మరలో పుడుతుందనే అపోహ స్థిరపడుతుంది. నాణ్యతకు పునాది పొలంలో పడుతుంది. మర దానిని వెలికితీస్తుంది, అంతే.

పొలంలో మొదలయ్యే నాణ్యత

సాకే తయారీకి ప్రత్యేకించిన వరి రకాల్లో అగ్రస్థానం యమదా నిషికిది. హ్యోగో రాష్ట్ర వ్యవసాయ ప్రయోగ కేంద్రంలో 1923లో జరిపిన సంకరణం నుంచి ఈ రకం రూపొందింది. 1936లో దీనికి ఆ పేరు పెట్టారు. తొంభై ఏళ్లు కావస్తున్నా దీని స్థానం చెక్కుచెదరలేదు. అయితే సాధారణ ప్రజననకారుని కొలబద్దతో చూస్తే ఇది ఎన్నో లోపాలున్న రకం. మొక్క పొడవుగా పెరిగి గాలివానకు పడిపోతుంది. అగ్గితెగులును గట్టిగా తట్టుకోలేదు. దిగుబడి తినే బియ్యపు రకాల కంటే తక్కువ.

ఇన్ని లోపాలను భరించి దీనిని సాగు చేయడానికి కారణం గింజలో ఉంది. కోషిహికారి వంటి తినే రకంలో వెయ్యి ముడిబియ్యపు గింజలు సుమారు 22 గ్రాములు తూగితే, యమదా నిషికిలో అవి 27 గ్రాములకు పైగా తూగుతాయి. గింజ మధ్యలో సుద్దలాంటి తెల్లని భాగం ఉంటుంది. జపనీయులు దానిని షిన్‌పకు అంటారు. అక్కడ పిండి రేణువులు వదులుగా, వాటి మధ్య సూక్ష్మమైన ఖాళీలతో ఉంటాయి. కోజి బూజు తంతువులు ఆ ఖాళీల గుండా లోపలికి చొచ్చుకుపోతాయి. పిండి సులువుగా కరిగి చక్కెరగా మారుతుంది. ఈ తెల్లని భాగం మరీ పెద్దదైతే లోతుగా పాలిష్ చేసినప్పుడు గింజ నూకవుతుంది. యమదా నిషికిలో అది సన్నని గీతలా ఉండటం వల్ల గింజ ఒత్తిడిని తట్టుకుంటుంది.

తెలుగు రాష్ట్రాల వరి ప్రజననకారులకు ఇందులో ఆలోచించదగిన విషయం ఉంది. సన్నబియ్యంలో సుద్ద మచ్చ కనిపిస్తే దానిని లోపంగా గుర్తించి ఆ వంగడాన్ని పక్కన పెట్టడం ఇక్కడి ఆనవాయితీ. వండుకునే బియ్యం విషయంలో అది సరైన నిర్ణయమే. అదే లక్షణం మరొక వినియోగంలో అత్యంత విలువైనదైంది. నాణ్యత అనేది గింజకు పుట్టుకతో అంటిన గుణం కాదు; గింజకు, దాని వినియోగానికి మధ్య ఉన్న సంబంధం. వినియోగదారుడు ఎవరో తేల్చుకోకుండా నాణ్యతను నిర్వచించడం సాధ్యం కాదు.

సాగు యాజమాన్యంలోనూ ఈ తేడా స్పష్టంగా కనిపిస్తుంది. సాకే బియ్యంలో మాంసకృత్తులు తక్కువగా ఉండాలి. అవి విడిపోయి ఏర్పడే అమైనో ఆమ్లాలు మితిమీరితే రుచి మొద్దుబారుతుంది, రంగు వస్తుంది. పంట చివరి దశలో వేసే నత్రజని గింజలో మాంసకృత్తులను పెంచుతుంది కనుక ఈ రైతు ఎరువు విషయంలో చేయి బిగపట్టుకోవాలి. అంటే దిగుబడిలో కొంత వదులుకోవాలి. ఆ త్యాగానికి ప్రతిఫలం ధర రూపంలో రాకపోతే ఏ రైతూ ఆ పని చేయడు.

పాలిష్ లెక్క

తినే బియ్యాన్ని పాలిష్ చేసేటప్పుడు ముడిబియ్యం బరువులో ఎనిమిది నుంచి పది శాతం మాత్రమే తవుడుగా పోతుంది. సాకేకు ఇది చాలదు. మాంసకృత్తులు, కొవ్వులు, ఖనిజాలు గింజ పైపొరల్లో అధికంగా ఉంటాయి. కొవ్వులలోని అసంతృప్త ఆమ్లాలు పండ్ల వాసననిచ్చే కొన్ని ఎస్టర్లను ఈస్ట్ తయారుచేయకుండా అడ్డుపడతాయి. అందుకే పైపొరలను లోతుగా తీసివేస్తారు. నిబంధనల ప్రకారం గింజో తరగతికి గింజలో 60 శాతం, దైగింజో తరగతికి 50 శాతం మించి మిగలరాదు. దస్సాయ్ పేరుతో ప్రసిద్ధమైన సాకేలో ఒక రకానికి మిగిలేది 23 శాతమే. యమాగాతా రాష్ట్రంలోని తాతెనొకావా సంస్థ 2017లో కోమ్యో పేరుతో విడుదల చేసిన సాకేకు గింజలో ఒక్క శాతమే మిగిల్చారు. ఆ పాలిష్‌కే 1,800 గంటలు, అంటే 75 రోజులు పట్టింది. సీసా ధర లక్ష యెన్ల స్థాయిలో నిర్ణయించారు.

ఇక్కడ చిన్న లెక్క అవసరం. ఒక కిలో పాలిష్ బియ్యం నుంచి స్థూలంగా రెండు లీటర్లకు కొంచెం పైగా సాకే వస్తుందనుకుంటే, 720 మిల్లీలీటర్ల సీసాకు మూడోవంతు కిలో చాలు. సగానికి పాలిష్ చేసినప్పుడు అందుకు కావలసిన ముడిబియ్యం సుమారు 650 గ్రాములు. 23 శాతానికైతే దాదాపు కిలోన్నర. ఒక్క శాతానికైతే 33 కిలోలు. లెక్క కోసం 60 కిలోల బస్తాకు 24,000 యెన్లు అనుకుంటే, ఈ మూడు సీసాలలో బియ్యం ఖర్చు వరుసగా సుమారు 260, 600, 13,000 యెన్లు. అయిదు వేల యెన్ల సీసాలో బియ్యం వాటా ఎనిమిదో వంతు. లక్ష యెన్ల సీసాలోనూ దాదాపు అంతే. బియ్యం ఎంత తరిగినా, ధరలో అధిక భాగాన్ని ఆ తరుగుదల ఒక్కటే వివరించలేదని ఈ లెక్క తేటతెల్లం చేస్తోంది.

పైగా పాలిష్ వల్ల కలిగే మేలుకు ఒక హద్దు ఉంది. గింజ లోపలికి పోయేకొద్దీ మాంసకృత్తుల శాతం తగ్గే వేగం మందగిస్తుంది. సగం దాటిన తరువాత తీసివేసే ప్రతి పొరకూ లాభం తగ్గుతూ, ఖర్చు పెరుగుతూ పోతుంది. ఒక్క శాతం దగ్గర జరుగుతున్నది సాంకేతిక నైపుణ్య ప్రదర్శనే కాని నాణ్యతా సాధన కాదు. తీసివేసిన తెల్లపిండి బియ్యపు అప్పాలు, మిఠాయిల తయారీకి పనికివస్తుంది కనుక అది పూర్తిగా వృథా కాదు. అయినా ఏడాదంతా శ్రమించి పండించిన ప్రత్యేక రకపు గింజలో 99 శాతాన్ని సాధారణ పిండిగా మార్చడాన్ని వ్యవసాయ శాస్త్రం మెచ్చుకోవలసిన పని లేదు. జున్‌మై తరగతికి ఉన్న 70 శాతం పరిమితిని జపాన్ ప్రభుత్వం 2004లో తొలగించింది. ఆ తరువాత గింజలో 80, 90 శాతం మిగిల్చి సాకే చేసి పేరు తెచ్చుకున్న వారున్నారు. అంకె చిన్నదైతే నాణ్యత పెద్దదన్న సూత్రం ఆచరణలోనే వీగిపోయింది.

శ్రమ, కాలం, కొరత

ధరలో పెద్ద వాటా మనుషుల శ్రమకు, కాలానికి చెందుతుంది. లోతుగా పాలిష్ చేసిన గింజ నీటిని క్షణాల్లో పీల్చుకుంటుంది. అందువల్ల కొద్ది కొద్దిగా నానబెట్టి, గడియారం చూస్తూ నీరు వార్చాలి. తరువాత బియ్యాన్ని ఆవిరి మీద ఉడికించి, వెచ్చని గదిలో పరిచి, కోజి బీజాలు చల్లి, రెండు రోజులపాటు రాత్రింబగళ్లు వేడిని, తేమను గమనిస్తూ కలియబెట్టాలి. కోజి పిండిని చక్కెరగా మారుస్తుండగా, అదే తొట్టిలో ఈస్ట్ ఆ చక్కెరను ఆల్కహాలుగా మారుస్తుంది. ఈ రెండు పనులు ఏకకాలంలో జరగడమే సాకే విశిష్టత. మేలిరకాల్లో ఇది పది డిగ్రీల సెల్సియస్ చుట్టూ నెలకు పైగా నెమ్మదిగా సాగుతుంది. అత్యుత్తమ సరుకును యంత్రంతో పిండరు. సంచుల్లో వేలాడదీసి తనంతట తాను కారిన చుక్కలనే పడతారు. దిగుబడి తగ్గుతుంది, ఖర్చు పెరుగుతుంది. ఈ తయారీకి నాయకత్వం వహించే తోజిలు పూర్వం చాలావరకు వ్యవసాయదారులే. వేసవిలో వరి పండించి, మంచు కురిసే చలికాలంలో సాకే శాలలకు పనికి వెళ్లేవారు. గింజ స్వభావం తెలిసిన చేయే తొట్టి దగ్గరా పనిచేసేది.

మిగిలిన వాటా కొరతది, పేరుది. కొన్ని చిన్న శాలల సరుకు పరిమితంగా వెలువడటంతో, కొన్ని వేల యెన్ల సీసా చేతులు మారి అనేక రెట్లకు అమ్ముడుపోతుంది. ఆ అదనపు సొమ్ము తయారీదారుకు గాని రైతుకు గాని చేరదు. జపాన్‌లో సాకే వినియోగం 1970 దశకం తొలినాళ్లలో సుమారు 17 లక్షల కిలోలీటర్లు ఉండగా, ఇప్పుడు దానిలో నాలుగోవంతుకు పడిపోయింది. మరోవైపు ఎగుమతుల విలువ 2022లో 4,700 కోట్ల యెన్లు దాటింది. పరిమాణం తగ్గుతున్న పరిశ్రమ విలువ పెంచుకుని నిలదొక్కుకునే ప్రయత్నం చేస్తోంది. ఆకాశాన్నంటే ధరలకు ఇది ఆర్థిక నేపథ్యం.

రైతుకు చేరే వాటా

ఈ కథలో అనుకరణకు యోగ్యమైనది గింజను ధూళికణంగా అరగదీయగల యంత్రం కాదు. 19వ శతాబ్దం చివరి దశకంలో హ్యోగోలో మొదలైన మురామై ఒప్పందాలు అందుకు యోగ్యమైనవి. నాదా ప్రాంతపు సాకే శాలలు ఒక్కొక్క గ్రామంతో నేరుగా ఒప్పందం చేసుకుని ఆ గ్రామపు వరిని కొనుగోలు చేసే ఏర్పాటు అది. పగటికి రాత్రికి ఉష్ణోగ్రతలో తేడా బాగా ఉండే, బంకమట్టి నేలలున్న మికి, కాటో ప్రాంతాల గ్రామాలు ఈ ఒప్పందాల వల్లే తరాలపాటు యమదా నిషికిని వదలలేదు. సాకే బియ్యపు తనిఖీలో మొదటి తరగతికి పైన కూడా రెండు ప్రత్యేక తరగతులు ఉన్నాయి. గింజ పరిమాణం, నిండుదనం, పగుళ్లు లేకపోవడం అక్కడ ధరగా మారతాయి. దస్సాయ్ తయారీ సంస్థ 2019లో నిర్వహించిన పోటీలో ఉత్తమ యమదా నిషికికి 60 కిలోల బస్తా ఒక్కింటికి అయిదు లక్షల యెన్లు చెల్లించింది. ఇది ప్రచారం కోసం చేసినదని అనవచ్చు. అయినా ఆ ప్రచారపు సొమ్ము పొలానికి చేరింది.

ఈ బంధానికి ఇప్పుడు పరీక్షాకాలం వచ్చింది. 2024, 2025 సంవత్సరాల్లో జపాన్‌లో తినే బియ్యం ధర అమాంతం పెరిగింది. పడిపోయే పైరును, తక్కువ దిగుబడిని భరించి సాకే వరి వేయడంలో రైతుకు ఉన్న ఆకర్షణ ఆ మేరకు తగ్గింది. వాతావరణం మరో సమస్య. గింజ నిండే దశలో ఎండ తీవ్రమైతే పిండి నిర్మాణం మారి, తొట్టిలో బియ్యం సరిగా కరగదు. నాట్ల సమయాన్ని మార్చడం, వేడిని తట్టుకునే రకాలను రూపొందించడం అక్కడి పరిశోధనల్లో ప్రధానాంశాలయ్యాయి. పొలంలో ఈ చిక్కులను పరిష్కరించకుండా మరలో ఎంత అరగదీసినా ప్రయోజనం ఉండదు.

తెలుగు రాష్ట్రాలకు అన్వయం

తెలుగు రాష్ట్రాలు సాకే తయారుచేయనక్కరలేదు. కాని నాణ్యత గురించి రైతుకు సలహా ఇచ్చే ముందు విస్తరణ శాస్త్రవేత్త వేసుకోవలసిన ప్రశ్నను సాకే సూటిగా ముందుంచుతోంది: ఆ నాణ్యతకు సొమ్ము చెల్లించేది ఎవరు? 2025-26లో కేంద్రం ప్రకటించిన కనీస మద్దతు ధర సాధారణ వరికి క్వింటాలుకు 2,369 రూపాయలు, గ్రేడ్ ఎ రకానికి 2,389 రూపాయలు. రెండింటి మధ్య తేడా ఇరవై రూపాయలు. తెలంగాణ ప్రభుత్వం 2024 వానాకాలం నుంచి సన్న రకాలకు క్వింటాలుకు 500 రూపాయల బోనస్ ప్రకటించినప్పుడు రైతులు సన్నాల వైపు మొగ్గు చూపడం ఈ సందర్భంలో గమనార్హం. ఉపన్యాసాల కంటే ధర స్పష్టంగా మాట్లాడుతుంది.

బాపట్లలో రూపొందిన బీపీటీ 5204, అంటే సాంబ మసూరి, వినియోగదారుడు పేరు పెట్టి అడిగే బియ్యం. దుకాణంలో ఆ పేరుకు ధర పలుకుతుంది. ఆ గింజ ఏ ఊరిది, ఏ నేలది, ఎంత నత్రజనితో పండినది అన్న వివరం మాత్రం కాటా దాటి ముందుకు రాదు. కాటా బరువునే తూచినంత కాలం రైతు బరువునే పండిస్తాడు. అందులో అతని తప్పేమీ లేదు.

కనుక పరిశోధన కేంద్రాలు కొత్త రకాన్ని విడుదల చేసేటప్పుడు దిగుబడి, తెగుళ్ల నిరోధకతలతో పాటు ఆ గింజ ఎవరి అవసరం తీరుస్తుందో, ఆ కొనుగోలుదారు ఏ ప్రమాణాన్ని కొలిచి ఎంత అదనంగా ఇస్తాడో కూడా నిర్ధారించుకోవాలి. మిల్లర్లు, రైతు ఉత్పత్తిదారుల సంఘాలు, శాస్త్రవేత్తలు కలిసి ఒకటి రెండు గ్రామాలలోనైనా గింజ నాణ్యతను కొలిచి చెల్లించే ఒప్పందాలను అమలు చేసి చూడాలి. ఒప్పందంలో నష్టభారం పంపకం కూడా స్పష్టంగా ఉండాలి. తక్కువ దిగుబడి భారం రైతుది, అధిక ధర లాభం వ్యాపారిది అయిన ఏర్పాటు రెండో పంటకాలం దాకా నిలవదు. విద్యార్థులు నాణ్యతా పరిశోధనను ప్రయోగశాలలో గింజను కొలవడంతో ముగించక, ఆ కొలత రైతు రసీదులో ఎన్ని రూపాయలుగా మారుతున్నదో కూడా నమోదు చేయాలి. ఆ రెండో కొలత లేని సిఫారసు శాస్త్రీయంగా ఎంత సరైనదైనా పొలంలో అమలు కాదు.