చైనాను బాయ్‌కాట్ చేసుడు సరే, ఎరువు ఎక్కడికెల్లి తెస్తరు?

2025 ఆగస్టుల రెండు ముచ్చట్లు ఒక్కసారే నడిచినయి. ఇక్కడ తెలంగాణల సొసైటీ గోదాముల ముంగట రైతులు తెల్లారకముందే యూరియా కోసం చెప్పులు, పాస్‌బుక్కులు లైన్ల పెట్టిన్రు. అక్కడ ఢిల్లీకి చైనా విదేశాంగ మంత్రి వాంగ్ యీ వచ్చి జైశంకర్‌తోని, అజిత్ డోభాల్‌తోని కూసొని మాట్లాడిండు. ఎరువులు, రేర్ ఎర్త్ ఖనిజాలు, సొరంగాలు తవ్వే మిషన్లు, ఈ మూడింటి మీద పెట్టిన ఆంక్షలు సడలిస్తమని చైనా భరోసా ఇచ్చిందని పత్రికలు రాసినయి. ఈ రెండు ముచ్చట్లను కలిపి చూసినోళ్లు మాత్రం తక్కువ.

కొంచెం ఎనక్కి పోదాం. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయల మన సైనికులు 20 మంది ప్రాణాలు పోయినయి. వాళ్లల్ల కర్నల్ సంతోష్ బాబు మన సూర్యాపేట బిడ్డ. ఆ నెలాఖరుకే టిక్‌టాక్‌తో కలిపి 59 చైనా యాప్‌లు బంద్ పెట్టిన్రు. వాట్సాప్‌ల బాయ్‌కాట్ మెసేజ్‌లు గుప్పుమన్నయి. పంపినోళ్ల చేతుల్ల ఉన్న ఫోన్లు ఎక్కువశాతం ఏ దేశం కంపెనీలవో మీకు చెప్పనక్కర్లేదు.

మరి దిగుమతులు తగ్గినయా? 2020-21ల చైనా నుంచి మనం తెచ్చుకున్న సరుకు 65 బిలియన్ డాలర్లు. 2024-25 వచ్చేసరికి అది 113 బిలియన్ దాటింది. మనం వాళ్లకు అమ్మింది 14 బిలియన్ల పైచిలుకు అంతే. తేడా 99 బిలియన్ డాలర్లు, అంటే 8 లక్షల కోట్ల రూపాయల పైనే. తెలంగాణ ఏడాది బడ్జెట్ 3 లక్షల కోట్లు, దాన్ని రెండింతలు చేసినా ఈ లోటుకు సరిపోదు. చైనా లెక్క చూస్తే ఇంకో తీరు ఉంటది. వాళ్లు ప్రపంచానికి అమ్మే సరుకుల మన వాటా నూటికి మూడు నాలుగు రూపాయలే. మనం కొనుడు బంద్ పెడితే వాళ్లకు గిచ్చినట్టుంటది. వాళ్లు అమ్ముడు బంద్ పెడితే మన పొలం ఎండుతది, ఫ్యాక్టరీ ఆగుతది.

అదే జరిగింది గూడ. 2021 చివర్ల మొదలుపెట్టి చైనా తన ఎరువుల ఎగుమతికి ముకుతాడు ఏసింది. వాళ్ల రైతుకు ధర పెరగొద్దని అట్ల చేసింది. అందుకు చైనాను తిట్టబుద్ధి కాదు నాకు, ఏ సర్కారైనా తన రైతుకు చేయాల్సిన పనే అది. 2023-24ల అక్కడికెల్లి 22 లక్షల టన్నుల దాకా వచ్చిన డీఏపీ, మరుసటి ఏడాది 8 లక్షల టన్నుల కాడికి పడిపోయింది. యూరియా అంతకన్నా ఎక్కువ పడ్డది. మొన్నటి కరువుకు చైనా ఒక్కటే కారణం అంటే అబద్ధం అయితది. అదే సీజన్ల రామగుండం ప్లాంటు మొరాయించింది, సరఫరా లెక్కల మీద కేంద్రం, రాష్ట్రం ఒకల మీదొకలు చెప్పుకున్నరు. గని రామగుండంల పాత ఎరువుల ఫ్యాక్టరీని 1999ల మూసింది చైనానా? మనోళ్లే. కొత్త ప్లాంటుల మల్ల యూరియా తయారు అయ్యేసరికి 2021 వచ్చింది.

మందుల కథ ఇంకా చేదు. హైదరాబాద్‌ను ఫార్మా రాజధాని అంటం. ఒకప్పుడు ఇక్కడ ఐడీపీఎల్ అనే సర్కారు కంపెనీ ముడిమందులు చేసేది. దాన్ని సతాయించి సతాయించి మూతపడగొట్టిన్రు. చవుకగ దొరుకుతున్నయని ముడిసరుకు చైనా నుంచి తెచ్చుడు మరిగినం. పెన్సిలిన్-జి తయారీనే ముప్పై ఏండ్ల దాకా దేశంల లేకుండ పోయింది. 2024ల కాకినాడ కాడ మల్ల షురూ అయింది.

ఇప్పుడు దోస్తానా ఎందుకు యాదికొచ్చింది? ట్రంప్ మన సరుకు మీద 50 శాతం సుంకం ఏసిండు గనుక. 2024 అక్టోబర్‌ల డెప్సాంగ్, డెమ్‌చోక్ గస్తీ ఒప్పందంతోని తొవ్వ పడ్డది, 2025 ఆగస్టు 31న మోదీ తియాన్‌జిన్‌ల షీ జిన్‌పింగ్‌ను కలిసిండు. ఏడేండ్లకు చైనా గడప తొక్కుడు. అక్టోబర్ల విమానాలు గూడ నడిచినయి. మాట్లాడుకునుడు మంచిదే, యుద్ధం అయితే పోయేది మన ఊళ్ల పోరగాండ్లే. గని కొన్ని సంగతులు కప్పిపెడుతున్నరు. 2020-24 మధ్య పాకిస్తాన్ కొన్న ఆయుధాల్ల 81 శాతం చైనావే అని స్వీడన్‌ల ఉన్న సిప్రి సంస్థ లెక్క కట్టింది. గల్వాన్, పాంగాంగ్ కాడ పెట్టిన బఫర్ జోన్లను ఏం చేస్తరో పార్లమెంటుల నిండుగ చర్చ పెట్టలే. లద్దాఖ్‌ల గొర్లు కాసుకునేటోళ్లు తాతల కాలం నుంచి తోలుకపోయిన బీళ్లకు పోలేకపోతున్నరు.

ఇంకో ముచ్చట ఖమ్మం, వరంగల్ దిక్కు పిల్లలకు బాగ తెలుసు. మన తేజా మిర్చికి పెద్ద గిరాకీ చైనాదే. 2023ల క్వింటాకు 20 వేలు దాటిన ధర, 2025 మొదట్ల చైనా ఆర్డర్లు పల్చబడంగనే 13, 14 వేలకు జారింది. కౌలుకు తీసుకొని పంట పెట్టినోడు ఆ తేడాను ఎవల్ని అడగాలె? రేర్ ఎర్త్ అయస్కాంతాలు వస్తలేవని ఎలక్ట్రిక్ బండ్ల కంపెనీలు మొత్తుకుంటే ఢిల్లీ బీజింగ్‌తోని మాట్లాడింది. మిర్చి ఆర్డర్ల గురించి మాట్లాడిందా? లేకుంటే ఎందుకు లేదని మన ఎంపీలు ఒక్కసారన్న అడిగిన్రా?