ఎర్ర స్టిక్కర్ అంటించి వదిలేస్తే సరిపోదు

మన గూడేల్లో తొలిచూలు పిల్ల కడుపుతో ఉందంటే అందరూ ఆరా తీస్తారు. నలభైకి దగ్గరపడ్డ వదిన అయిదోసారి నెల తప్పితే మాత్రం ఎవరికీ పట్టదు. "నాలుగూ ఇంట్లోనే కన్నది, ఇదెంత?" అంటారు. ఆమె కూడా అదే మాట అని పోడు పనికి పోతుంది.

మిత్రులారా, మనం పొరపడేది ఇక్కడే. నాలుగు కాన్పులు సులువుగా అయ్యాయి కాబట్టి అయిదోది కూడా అలాగే అవుతుందన్న నమ్మకం లేదు. 35 ఏళ్లు దాటాక బీపీ, షుగరు వచ్చే అవకాశం పెరుగుతుంది. కాన్పులు ఎక్కువైతే, బిడ్డ పుట్టాక గర్భసంచి గట్టిగా ముడుచుకోక రక్తం ఆగకపోవచ్చు. గర్భిణికి హిమోగ్లోబిన్ 11 కంటే తగ్గితే రక్తహీనత, 7 కంటే తగ్గితే తీవ్రం. అలాంటి మనిషికి కొంచెం రక్తం పోయినా ప్రాణం మీదికొస్తుంది. దానికి తోడు మన ఆదివాసుల్లో సికిల్ సెల్ ఉంది. ఆ పరీక్ష కూడా తప్పనిసరిగా చేయించాలి.

ఇవన్నీ ప్రభుత్వానికి తెలియనివి కావు. 2016 నుంచి ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద ప్రతి నెలా 9వ తేదీన, నాలుగో నెలలో పడ్డ దగ్గర్నుంచి గర్భిణులను డాక్టరే ఉచితంగా చూడాలి. ప్రమాదం ఉందనుకుంటే కార్డు మీద ఎర్ర స్టిక్కర్ అంటించాలి. 2011లో వచ్చిన జననీ శిశు సురక్ష కార్యక్రమం ప్రకారం ప్రభుత్వాసుపత్రిలో కాన్పు, ఆపరేషన్, రక్తం, మందులు, భోజనం, బండి అన్నీ ఉచితం. ఇది ఎవరి దయా కాదు, మన హక్కు.

మరి ఎక్కడ తెగుతోంది? ఒకటి, దారి. రోడ్డు లేని ఊళ్లో నొప్పులు మొదలయ్యాక డోలీ కడతాం. కొండ దిగి పీహెచ్‌సీకి చేరితే అక్కడ ఆపరేషన్ ఉండదు, రక్తం ఉండదు. మళ్లీ ఇంకో ఆసుపత్రికి రాస్తారు. రెండు, మాట. "ఈ వయసులో ఇంకా కనడమేంటి?" అని ఒక్కసారి కసురుకుంటే ఆ తల్లి మళ్లీ గడప తొక్కదు. కువీ, గోండీ, సవర తప్ప వేరే భాష రాని మనిషికి డాక్టరు చెప్పింది సగం కూడా అర్థం కాదు.

ఇక్కడే మీ పని ఉంది. మీ ఊళ్లో 35 దాటిన గర్భిణి ఉంటే కార్డు అడిగి చూడండి. బీపీ, రక్తం, షుగరు, సికిల్ సెల్ పరీక్షలు అయ్యాయా? ఎర్ర స్టిక్కర్ ఉంటే, ఏ ఆసుపత్రిలో కాన్పు చేయించాలో ఆశా అక్కతో, ఏఎన్ఎంతో ముందే తేల్చుకోండి. ఆసుపత్రికి వెంట వెళ్లి భాష కలపండి. మంత్రసాని అవ్వను కూడా కలుపుకోండి. ఆమె చెబితే ఇంట్లోవాళ్లు వింటారు.

ఏజెన్సీలో గర్భిణుల వసతి గృహాలు పెట్టింది నొప్పులు రాకముందే అక్కడికి చేరడానికి. కానీ మన ఆడవాళ్లు ఎందుకు పోరు? ఇంట్లో పిల్లలు, మేకలు, పొయ్యి ఎవరు చూస్తారని. ఆ కొన్ని రోజులు వాటిని మనం చూద్దాం. ఆ ఇంటి మగాళ్లకు కూడా ఈ మాట గట్టిగానే చెబుదాం.

తీవ్రమైన తలనొప్పి, కళ్లు మసకలు, మొహం చేతులు వాయడం, రక్తం కనపడటం, బిడ్డ కదలిక తగ్గడం... వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లారేదాకా ఆగొద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి. సిగ్నల్ అందే చోటు, బండి వచ్చే చోటు ముందే చూసి పెట్టుకోండి.

వసతి గృహం మూతపడి ఉన్నా, 9వ తేదీన డాక్టరు రాకపోయినా గ్రామసభలో తీర్మానం రాసి ఐటీడీఏకు ఇద్దాం. రోడ్డు కోసం పోరాటం ఎలాగూ ఆగదు. ఆ రోడ్డు వచ్చేలోపు ఏ వదినా డోలీలో ప్రాణం వదలకూడదు.